క్రూజ్ టికెట్ పైసల కోసం 1915కి ఫోన్ చేసినం, నా రివ్యూ

మిర్యాలగూడ నుంచి రాస్తున్న. అమ్మానాయినలకు ముంబై నుంచి లక్షద్వీప్ పోయే క్రూజ్ బుక్ చేసినం, తీరా బయల్దేరే టైముకు ఓడల టెక్నికల్ ప్రాబ్లం అని ట్రిప్పు క్యాన్సిల్ చేసిన్రు, సరే మిషన్ అన్నంక ఖరాబైతది, కానీ పైసలు వాపస్ ఇయ్యకుండ ఏడాదిల వాడుకోమని క్రెడిట్ వోచర్ పంపిన్రు. నాయినకు మోకాలి ఆపరేషన్ ఉంది, ఆ వోచర్ ఏం చేసుకోవాలె? ఏజెంటేమో కంపెనీ పాలసీ అన్నా నా చేతుల ఏం లేదని ఫోన్ ఎత్తుడే బంద్ చేసిండు.

అప్పుడు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేసిన. తెలుగుల మాట్లాడిన్రు, అది మస్తు నచ్చింది, అమ్మనే ఫోన్ తీస్కొని అంతా చెప్పింది. బుకింగ్ నంబరు, రసీదు, క్యాన్సిల్ మెయిల్ అడిగిన్రు, డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్ ఇచ్చిన్రు, ఫిర్యాదు కంపెనీకి వాళ్లే పంపిన్రు. అంతకుముందు నేనెన్ని మెయిల్స్ పెట్టినా ఒకటే రెడీమేడ్ జవాబు, ఇప్పుడేమో కంపెనోళ్లే ఫోన్ చేసి అకౌంట్ నంబర్ అడిగిన్రు. టికెట్ పైసలు పూర్తిగ వచ్చినయి.

వోచర్ మెయిల్ల యాక్సెప్ట్ మాత్రం నొక్కకండి, పైసలే కావాలని రాసి పెట్టండి. గాలివానకు ఒక పోర్టు ఎగ్గొడితే ఇంత గట్టిగ అడగలేం, కెప్టెన్ రూటు మార్చొచ్చని షరతుల్ల రాసే ఉంటది, మహా అయితే ఆ పోర్టు ఛార్జీలు వస్తయి.

1915 కోర్టు కాదు, కంపెనీ మొండికేస్తే ఆర్డర్ ఇయ్యలేరు. మా రైలు టికెట్లు, ముంబై హోటల్ ఖర్చు ఇయ్యం అని కంపెనోళ్లు అన్నరు, దానికోసం నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌ల వేస్తున్నం. టికెట్ షరతుల్ల కేసు వేస్తే ముంబై కోర్టులల్లనే అని ఉంది, అది చూసి చానామంది ఊకుంటరు, కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ల మనం ఉండే జిల్లాలనే వేయొచ్చని ఉంది. అమెరికాల గట్ల కాదు, కేసు ఫలానా ఊర్లనే వేయాలన్న క్రూజ్ టికెట్ షరతు చెల్లుతదని అక్కడి సుప్రీంకోర్టు 1991లనే చెప్పింది, అక్కడి ఓడలెక్కే మన పిల్లలు అది చూసుకోవాలె. మనకైతే కట్టింది 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, వకీలు లేకున్నా నడుస్తది, ఆన్‌లైన్ల గూడ వేయొచ్చు, 2 ఏండ్ల లోపల వేయాలె అంతే. హోటల్ బిల్లులు, మెయిల్స్ అన్నీ ప్రింట్ తీయించినం, ఈ నెలలనే వేస్తం.