బోర్డు మీద అరవై, యాప్‌లో ముప్ఫై రెండు: టూరింగ్‌ప్లాన్స్‌తో మా అనుభవం

డిస్నీ లాంటి పార్కులకు వెళ్ళేవాళ్ళు వాడే టూరింగ్‌ప్లాన్స్ యాప్ గురించి ఎవరిని అడిగినా ఏ రైడ్ తర్వాత ఏ రైడ్ ఎక్కాలో వరసగా రాసిచ్చే ప్లాన్ గురించే చెబుతారు. ఆ పార్కులుండే ఓర్లాండో వెళ్దామనుకున్న ప్రతివాళ్ళూ దాని గురించి ఈపాటికి చదివే ఉంటారు, ఆ జోలికి నేను పోను. కొన్నేళ్ళుగా చందా కట్టి వాడుతున్న నాకు అందులో ప్రాణం అనిపించేది వేరే ఉంది. యాప్‌లో ప్రతి రైడ్ పక్కనా రెండు అంకెలుంటాయి. ఒకటి పార్కువాళ్ళు బోర్డు మీద పెట్టిన వెయిటింగ్ టైము. రెండోది, ఇప్పుడు లైన్లో చేరితే నిజంగా ఎంతసేపు నిలబడాల్సి వస్తుందో యాప్ వేసే అంచనా. ఆ రెండో అంకె కోసమే నేను డబ్బు కడుతున్నాను.

మేముండేది అట్లాంటా దగ్గర, ఓర్లాండోకి కారులో ఏడు గంటల దారి. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చేది ఎండాకాలంలోనే, పిల్లలకు సెలవులు ఇచ్చేదీ అప్పుడే. కాబట్టి పార్కులు కిక్కిరిసిపోయే రోజుల్లో తప్ప మాకు వెళ్ళడం కుదరదు. పిల్లలకు అరగంట క్యూ అయినా గంట క్యూ అయినా కాస్త విసుగులో తేడా, అంతే. మా అత్తయ్యకు అలా కాదు. మోకాళ్ళ నొప్పుల మనిషి. అరగంటైతే మాతో లోపలికి వస్తారు, గంటైతే బయట బెంచీ మీద బ్యాగులకు కాపలా కూర్చుంటారు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆవిడ మాతో ఉంటారా, బెంచీ మీద ఉంటారా అన్నది బోర్డు మీద అంకెను బట్టే తేలిపోతుంది.

ఆ అంకేమో చాలాసార్లు అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. దానికి కారణాలున్నాయి. డిస్నీ పార్కుల్లో లైన్లో చేరేవాళ్ళలో ఎవరో ఒకరి చేతికి ఒక ఎర్ర కార్డు ఇస్తారు, రైడ్ ఎక్కేచోట దాన్ని తీసుకుని ఎంతసేపు పట్టిందో చూస్తారు. ఒకసారి మా మామయ్యకు ఇచ్చారు. ఎక్కడ పడిపోతుందోనని ఆయన లైన్ పొడుగునా దాన్ని రెండు చేతులతో పట్టుకునే నడిచారు. అయితే ఆ కార్డు చెప్పేది ఎప్పుడో లైన్లో చేరిన మనిషి సంగతి, ఇప్పుడు చేరబోయే మనది కాదు. పైగా డబ్బు కట్టి లైట్నింగ్ లేన్‌లో వచ్చేవాళ్ళను మనకంటే ముందు వదలాలి, వాళ్ళు ఏ నిమిషంలో ఎంతమంది వస్తారో ముందే చెప్పలేరు కాబట్టి కొంత కలిపి రాస్తారు. అరవై అని చెప్పి నలభైలో ఎక్కిస్తే జనం సంతోషిస్తారు, నలభై అని చెప్పి అరవై నిలబెడితే గొడవ చేస్తారు. రాత్రిపూట ఇంకోటి కూడా ఉంది. మూసే టైముకి లైన్లో ఉన్నవాళ్ళందరినీ ఎక్కించాలి, పెద్ద అంకె కనిపిస్తే ఆఖర్లో వచ్చి చేరేవాళ్ళు తగ్గుతారు.

టూరింగ్‌ప్లాన్స్ దీన్ని వాడకందార్ల సాయంతోనే సరిచేస్తుంది. లైన్లో చేరగానే యాప్‌లో టైమర్ నొక్కుతాం, ఎక్కేటప్పుడు ఆపుతాం. అలా ఏళ్ళ తరబడి పోగైన అసలు టైములను బోర్డు టైములతో పోల్చి అంచనా వేస్తుంది. నేను ప్రతి లైన్లోనూ తప్పకుండా నొక్కుతాను. నా వెనక వచ్చే ఏ పెద్దావిడకో పనికొస్తుంది.

ఆ అంకె విలువ నాకు బాగా తెలిసింది డిస్నీవాళ్ళ మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో, పీటర్ పాన్స్ ఫ్లైట్ దగ్గర. 1971లో పార్కు తెరిచిన తొలి రోజుల నుంచీ ఉన్న రైడ్ అది. పైనుంచి వేలాడే చిన్న ఓడలో కూర్చుంటే రాత్రి వేళ లండన్ మీదుగా ఎగిరినట్టు తీసుకెళ్తుంది. ఓడకు ఇద్దరు ముగ్గురే పడతారు కాబట్టి లైన్ తొందరగా కదలదు. కుదుపులు ఉండవు కాబట్టి చంటిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరూ అక్కడే. నానమ్మతో కలిసి ఎక్కాలని మా చిన్నది పొద్దున్నుంచీ ఒకటే పంతం. మధ్యాహ్నం చూస్తే బోర్డు మీద తొంభై, యాప్‌లో అరవై చిల్లర. రెంట్లో ఏదైనా అత్తయ్యకు కుదరదు. రాత్రి బాణసంచా అయిపోయి జనం గేటు వైపు కదులుతున్నప్పుడు మళ్ళీ చూశాను. బోర్డు మీద అరవై. యాప్‌లో ముప్ఫై రెండు.

"గంటంటే నా వల్ల కాదమ్మా. మీరెళ్ళి రండి, నేనిక్కడ కూర్చుంటా" అన్నారు అత్తయ్య.

"గంట కాదత్తయ్యా, అరగంటే. మధ్యలో కాళ్ళు లాగితే బయటికొచ్చేద్దాం."

"మరి అక్కడ అరవై అని రాశారుగా?"

నేను జవాబు చెప్పేలోగానే మామయ్య అందుకున్నారు. "తిరుమల కొండ మీద సర్వదర్శనానికి పద్దెనిమిది గంటలంటారు. ప్రతిసారీ అంత పట్టిందా మనకి? పద."

లైన్ ఆఖర్న పిల్లల పడకగదిలా కట్టిన చోటొకటి వస్తుంది. అక్కడ గోడ మీద మన నీడలు పడతాయి, గంటల నీడలు కూడా ఉంటాయి. మన చేతి నీడతో వాటిని తాకితే గంట మోగుతుంది. మా చిన్నది కాసేపు ఆడి, తర్వాత నానమ్మ చెయ్యి పట్టుకుని పైకెత్తింది. గంట మోగేసరికి అత్తయ్య ఉలిక్కిపడి, ఈసారి తనంతట తానే చెయ్యెత్తారు. ఓడ ఎక్కేచోట కాళ్ళ కింద బెల్టు కదులుతూనే ఉంటుంది, ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని అడుగేశారు. కూర్చున్నాక టైమర్ ఆపాను. ముప్ఫై నాలుగు నిమిషాలు.

దిగాక ఆవిడ అన్నమాట నాకింకా గుర్తుంది. "విమానంలో కిటికీ పక్క సీటు దొరకలేదు. ఊరిని పైనుంచి ఇక్కడే చూశాను." ఆ అంకె లేకపోతే ఆవిడ బెంచీ మీదే కూర్చునేవారు.

అలాగని రోజంతా దాన్నే నమ్ముకోమని చెప్పను. పొద్దున గేటు తెరిచిన కొత్తలో రెండు అంకెలకూ పెద్ద తేడా ఉండదు, బోర్డును చూసుకున్నా చాలు. తేడా బాగా కనిపించేది మూసే ముందు రెండు గంటల్లో. పెద్దవాళ్ళు హోటల్‌కి వెళ్దామనే టైము కూడా సరిగ్గా అదే. మధ్యాహ్నం పడుకోబెట్టి సాయంత్రం మళ్ళీ తీసుకురాగలిగితేనే ఆ లాభం మీకు దక్కుతుంది. ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములొస్తే బయటి రైడ్లు ఆపేస్తారు, జనమంతా లోపలి రైడ్ల మీద పడతారు. ఆ కాసేపు ఏ అంచనా అయినా అంతంతమాత్రమే.

రైడ్ ఆగిపోయి మళ్ళీ మొదలైనప్పుడు మరీ కష్టం. ఓర్లాండోలోనే వేరే పార్కులో, పేరు వద్దులెండి, మాకు అలాగే జరిగింది. చాలాసేపు ఆగిన రైడ్‌ను మళ్ళీ తెరిచారు. బోర్డు మీద నలభై అయిదు, యాప్‌లో ముప్ఫై. చేరాం. కానీ డబ్బు కట్టి ముందే తీసుకున్న టైము స్లాట్‌ను రైడ్ ఆగడంతో పోగొట్టుకున్నవాళ్ళు, ఆ తర్వాతి స్లాట్లవాళ్ళు అందరూ పక్క లైన్లో ఒక్కసారిగా దిగారు. వాళ్ళను గుంపులు గుంపులుగా వదులుతూ మా వైపు నుంచి ఒకటి రెండు కుటుంబాలను పంపుతున్నారు. మామయ్య గోడకు ఆనుకుని నిలబడ్డారు. అత్తయ్య అక్కడి ఇనుప కడ్డీ మీద బరువంతా మోపారు. గంట దాటాక ఎక్కకుండానే బయటికొచ్చేశాం. పాత రోజుల టైములతో వేసే లెక్కకు ఆ గంట సంగతి ఎలా తెలుస్తుంది? అందుకే అప్పటినుంచీ, ఆగి మొదలైన రైడ్ అయితే తర్వాతి గంట దాకా ఆ అంకెను నేను లెక్కలోకి తీసుకోను.

రోజు ప్లాన్ కూడా వాడతాను, కాకపోతే సెట్టింగుల్లో నడక తగ్గించమని పెట్టుకుంటాను. లేదంటే పది నిమిషాల క్యూ మిగల్చడానికి పార్కు ఆ చివర్నుంచి ఈ చివరికి తిప్పుతుంది. పన్నెండున్నరకు భోజనం విరామం కూడా ముందే పెట్టేస్తాను. బయటి తిండి డిస్నీ గేటు దగ్గర రానిస్తారు, పెరుగన్నం డబ్బాలకు ఇబ్బంది ఉండదు.

లైట్నింగ్ లేన్ కొనేవాళ్ళయితే ఆలోచించుకోండి. 2024 జులైలో జీనీ ప్లస్ అనే పాత పాస్ స్థానంలో లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ వచ్చింది. డిస్నీ హోటళ్ళలో దిగినవాళ్ళు ఏడు రోజుల ముందు, మిగతావాళ్ళు మూడు రోజుల ముందు స్లాట్లు పెట్టుకోవచ్చు. మేం బయటి హోటళ్ళలో దిగుతాం. పాస్‌కి తలకింత అని కట్టాలి, ఆ రేటు కూడా రోజును బట్టి మారుతుంది. ఆరుగురికి లెక్కేస్తే ఆ డబ్బుతో హోటల్లో ఇంకో రాత్రి ఉండొచ్చనిపిస్తుంది. అందుకే మామూలు లైన్లోనే నిలబడతాం, అందుకే మాకు ఈ యాప్ అంతగా పనికొస్తోంది. పాస్ కొన్నవాళ్ళకు ఆ రెండో అంకె కొద్ది రైడ్లకే అక్కరకొస్తుంది. పెద్దవాళ్ళు లేకుండా, బడులున్న రోజుల్లో సెప్టెంబరులోనో వెళ్ళే జంటకైతే డిస్నీవాళ్ళ ఉచిత యాప్‌లో కనిపించే బోర్డు టైములే సరిపోవచ్చు.

ఈ ఎండాకాలం మా అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకు నిలబడటం ఇబ్బంది కాదు, ఎండే పడదు. అంటే ఈసారి నేను చూసుకోవాల్సింది లైన్ ఎంతసేపన్నది ఒక్కటే కాదు, అందులో ఎంత భాగం ఏసీలో ఉందో కూడా. అది ఏ అంకెలోనూ కనిపించదు. అయినా రాత్రి వేళల కోసం చందా మళ్ళీ కట్టాను.