షార్టింగా, నాన్-షార్టింగా: వాల్యూమ్‌కి ఏ రోటరీ స్విచ్?

రెసిస్టర్లతో వాల్యూమ్ కంట్రోల్ కట్టేవాళ్లు, మెట్టు మెట్టుగా తిరిగే రోటరీ స్విచ్‌లో పొజిషన్ల సంఖ్య కన్నా ముందు చూడాల్సింది ఇదే. షార్టింగ్ రకంలో కదిలే కాంటాక్ట్ పాత పిన్నును వదలకముందే కొత్తదాన్ని అందుకుంటుంది. ఆ క్షణంలో రెండు పిన్నుల మధ్య ఉన్న ఒక్క రెసిస్టర్ షార్ట్ అవుతుంది, అంతే. 2 డెసిబెల్స్ (డీబీ) మెట్టులో అది చెవికి ఆనదు. నాన్-షార్టింగ్ ముందు వదిలి, తర్వాత పట్టుకుంటుంది. మధ్యలో ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ గాల్లో వేలాడుతుంది, మెట్టు మెట్టుకీ టప్పుమంటుంది. కామన్ పిన్ను (కదిలే కాంటాక్ట్‌కి కలిసే పిన్ను) నుంచి గ్రౌండ్‌కి 1 మెగాఓమ్ రెసిస్టర్ వేస్తే ఆ చప్పుడు తగ్గుతుంది గానీ, పాట తెగడం ఆగదు. కాబట్టి వాల్యూమ్‌కి షార్టింగే. ఏ పరికరం పాట వినాలో ఎంచుకునే ఇన్‌పుట్ సెలెక్టర్‌కి మాత్రం నాన్-షార్టింగ్ కావాలి, లేకపోతే తిప్పేటప్పుడు రెండు పరికరాల ఔట్‌పుట్‌లు కలిసిపోతాయి.

స్విచ్ మీద రకం రాసి లేదా? సోల్డర్ చేయకముందే మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టి, పక్కపక్క పిన్నులకు ప్రోబులు ఆనించి, నాబ్ మెల్లగా తిప్పండి. రెండు పొజిషన్ల నడుమ బీప్ వస్తే షార్టింగ్.

స్టీరియోకి రెండు పోల్స్, అంటే ఒకే నాబ్‌తో తిరిగే రెండు విడి స్విచ్‌లు, ఎడమకొకటి కుడికొకటి ఉండాలి. నాబ్ చివరి పొజిషన్ దాటి తిరగకుండా ఆపే స్టాప్ కూడా ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే నిశ్శబ్దం నుంచి ఒక్క క్లిక్కుతో పూర్తి వాల్యూమ్ స్పీకర్ల మీద పడుతుంది.