పిట్‌టెస్ట్ రిపోర్టులో ఆ ముదురు గులాబీ గీతలు

మ్యూటేషన్ టెస్టింగ్ అంటే ఏంటో వివరించను. కోడ్‌లో కావాలని తప్పు పెట్టి టెస్టులు పట్టుకుంటాయో లేదో చూడటం, అంతే. ఏడాది పైగా మా ఆండ్రాయిడ్ యాప్ మీద, ఈ పని తనంతట తనే చేసే పిట్‌టెస్ట్ అనే టూల్ వాడుతున్నాను, అందులో నాకు పిచ్చిగా నచ్చింది ఒక్కటే, దాని హెచ్‌టీఎంఎల్ రిపోర్టు. లైను నడిస్తే లేత ఆకుపచ్చ, ఆ లైన్లో పెట్టిన తప్పుకి ఏ టెస్టూ కిమ్మనకపోతే ముదురు గులాబీ. టెస్టులు ఎన్ని లైన్లు నడిపాయో లెక్కగట్టే జాకోకో చూపించే కవరేజీ శాతం ఇన్నేళ్లుగా దాచిపెట్టిన సంగతి ఈ రంగులు ఒక్క మధ్యాహ్నంలో బయటపెట్టాయి.

మాది బెంగళూరులో ఇళ్లకు నీళ్ల క్యాన్లు వేసేవాళ్లు వాడే యాప్. ఎండాకాలంలో బెళ్లందూరు అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకి క్యాన్ల గొడవ నేను చెప్పక్కర్లేదు. తీసుకున్న క్యాన్లలోంచి తిరిగిచ్చిన ఖాళీలు తీసేసి, మిగిలినవాటికి డిపాజిట్ లెక్కగట్టే వ్యూమోడల్ (స్క్రీన్ వెనకుండి దానికి డేటా అందించే క్లాసు) ఒకటుంది. దానికి టెస్టులు దండిగా ఉన్నాయి, కవరేజీ 90 శాతం దాటింది, కోడ్ రివ్యూలో ఎవరూ దాని జోలికి పోయేవాళ్లు కాదు. పిట్‌టెస్ట్ వచ్చి ఆ తీసివేతను కూడికగా మార్చింది. అంటే మూడు తీసుకుని రెండిచ్చిన మనిషి దగ్గర అయిదు క్యాన్లకి డిపాజిట్ గుంజే కోడ్ అన్నమాట. టెస్టులన్నీ పాస్. ఇఫ్ కండిషన్ తిరగేసింది, మళ్లీ పాస్. ఫైలంతా గులాబీ తోటలా ఉంది.

పక్క సీటులో ఉండే కర్నూలు తమ్ముడు నమ్మలేదు. "అన్నా, ప్లగిన్ సెటప్ ఎక్కడో తేడా కొట్టింది, చేత్తో మార్చి చూడు" అన్నాడు. మైనస్ తీసి ప్లస్ పెట్టి రన్ చేశాం, పాస్. అసర్ట్‌లో, అంటే జవాబు సరిచూసే లైన్లో, రావాల్సిన విలువ బదులు 9999 రాశాం, అదీ పాస్! అప్పుడు గానీ విషయం అర్థం కాలేదు. అసర్ట్‌లన్నీ స్టేట్‌ఫ్లోను (వ్యూమోడల్ పంపే విలువల ధార) కలెక్ట్ చేసే బ్లాకు లోపల ఉన్నాయి, ఆ బ్లాకేమో టెస్టుని నడిపే రన్‌టెస్ట్ ఫంక్షన్ ఇచ్చే బ్యాక్‌గ్రౌండ్‌స్కోప్‌లో లాంచ్ అవుతోంది. రన్‌టెస్ట్ మామూలుగా వాడే స్టాండర్డ్‌టెస్ట్‌డిస్పాచర్ (ఏ పని ఎప్పుడు నడవాలో చూసేది) కొత్త కొరూటీన్‌ని, అంటే మధ్యలో ఆగి మళ్లీ సాగగల పనిని, వెంటనే నడపదు, వరుసలో నిలబెడుతుంది. మా టెస్టుల్లో మధ్యలో ఆగే చోటే లేదు, చివరిదాకా ఒక్క ఊపున పోయేవి, పోగానే ఆ స్కోప్ రద్దు. కలెక్టర్‌కి వంతే రాలేదు. మెయిన్ డిస్పాచర్‌గా వెంటనే నడిపేసే అన్‌కన్‌ఫైన్డ్ రకం పెట్టి ఉండటంతో వ్యూమోడల్ కోడ్ మాత్రం శుభ్రంగా నడిచేది, కవరేజీ పెరిగేది. ఎప్పుడో ఎవరో రాసిన నమూనా ఫైలు నుంచి ఫైలుకి కాపీ అవుతూ వచ్చింది. కలెక్ట్ చేసే కొరూటీన్‌ని అన్‌కన్‌ఫైన్డ్‌టెస్ట్‌డిస్పాచర్ మీద లాంచ్ చేసి, అసర్ట్‌లు బయటికి తెచ్చాక కొన్ని టెస్టులు నిజంగానే ఫెయిలయ్యాయి. పాత ఖాళీలు కూడా కలిపి ఎక్కువ తిరిగిచ్చినవాళ్లకి డిపాజిట్ మైనస్‌లో చూపిస్తోంది, పాపం ఆ బగ్గు ఎన్నాళ్ల నుంచి ఉందో.

ఆ ఊపులో ప్రతి మాడ్యూల్‌కీ ఇది పెట్టేద్దామని టీమ్‌లో ఊదరగొట్టాను. ఇప్పుడు అడిగితే అంత గట్టిగా అనను. పిట్‌టెస్ట్ మార్చేది బైట్‌కోడ్‌ని (కంపైలయ్యాక వచ్చే కోడ్) కాబట్టి మనం రాయని, మేం వాడే భాష కాట్లిన్ కంపైలర్ పుట్టించిన కోడ్‌లోనూ తప్పులు పెడుతుంది. కొంత తనే వడకడుతుంది, అయినా డేటా క్లాసులు, ఇన్‌లైన్ ఫంక్షన్లు, సస్పెండ్ ఫంక్షన్లు ఎక్కువున్న చోట చెత్త మిగులుతుంది, ఏది అసలు లోపమో ఏది కాదో కూర్చుని ఏరుకోవాలి. ఈ ఆలోచన 1971లో రిచర్డ్ లిప్టన్ విద్యార్థిగా ఉండగా చెప్పినది, ఇన్నేళ్లకీ దాని జబ్బు మారలేదు, టైము తినేస్తుంది. పెట్టిన తప్పు వల్ల టెస్టు వేలాడిపోతే మామూలుగా పట్టే సమయం మీద ఇంకో పావు వంతు, ఆపైన 4 సెకన్లు ఆగుతుంది, చివరికి దాన్ని పట్టుకున్నట్టే లెక్క రాసుకుంటుంది. కాబట్టి స్కోరుని, అంటే పట్టుబడ్డ తప్పుల శాతాన్ని, మరీ నమ్మకండి. మా దగ్గర ఆ స్కోరుకి టార్గెట్ పెట్టగానే జనం లాగ్ లైన్లకి కూడా టెస్టులు రాయడం మొదలెట్టారు, పోరాడి ఆ టార్గెట్ తీయించాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్‌ని కంప్యూటర్లోనే అనుకరించే రోబోలెక్ట్రిక్ టెస్టులు కలిపితే ల్యాప్‌టాప్ మీద దోసె వేసుకోవచ్చు. ఫోన్లో స్క్రీన్లని నొక్కి చూసే ఎస్ప్రెసో టెస్టులకైతే ఇది అసలు పనికిరాదు, కంప్యూటర్లో జేవీఎం (జావా బైట్‌కోడ్ నడిపేది) మీద నడిచే యూనిట్ టెస్టులకే.

ఇప్పుడు డబ్బు లెక్కలున్న ఒక్క మాడ్యూల్‌కే, రాత్రిపూట సీఐలో (టెస్టులు వాటంతటవే నడిచే సర్వర్లో) నడుపుతున్నాం. అది ఆండ్రాయిడ్ వాసన లేని కాట్లిన్ మాడ్యూల్ కావడం మా అదృష్టం, మీ లాజిక్ అంతా కంపోజ్ స్క్రీన్లలోనే ఉంటే నాకు దొరికినంత ఫలితం మీకు దొరక్కపోవచ్చు. కాట్లిన్ కోసం ఆర్క్‌మ్యూటేట్ అని డబ్బు పెట్టి కొనే ప్లగిన్ ఉంది. మా ఆఫీసు ఒప్పుకోలేదు, కొనుంటే ఈ గొణుగుడులో సగం ఉండేది కాదేమో.