అన్నం మానేసిన శాకాహారికి కర్రీ పాయింట్: సత్యనారాయణపురం, విజయవాడ

పిండిపదార్థం (కార్బోహైడ్రేట్లు) తగ్గించుకోవాలని అన్నం మానేసినవాళ్లకు, ఏం కట్టించుకోవాలో తెలిస్తే ఈ చిన్న కొట్టు చాలా పనికొస్తుంది. తోటకూర వేపుడు ఇక్కడ అన్నిటికంటే మేలు. ఇసుక తగలదు, పిండి కలపరు. గోంగూర పచ్చడికీ ఢోకా లేదు. గుత్తివంకాయలో వేరుశనగ, నువ్వులే ఎక్కువ కాబట్టి రెండు కాయలు తినొచ్చు.

దొండకాయ వేపుడు మాత్రం వద్దు. కరకరలాడాలని మొక్కజొన్న పిండి, శనగపిండి పట్టిస్తారు. ముక్కను వేలితో గీరితే పైపొర పెచ్చులా ఊడొస్తుంది, అదే గుర్తు. పులుసుల్లో బెల్లంతోపాటు చిక్కదనానికి బియ్యప్పిండి పడుతుంది. పనీర్ కూర గ్రేవీ తియ్యగా ఉంటుంది, అదీ వదిలేయాలి.

అసలు లోటు మాంసకృత్తులది. అందుకని పప్పు ఎక్కువ తింటే లాభం లేదు, గట్టిపప్పు ఒక కప్పులో పిండిపదార్థం 30 గ్రాముల దాకా ఉంటుంది. 100 గ్రాముల పచ్చి పనీర్‌లో మాంసకృత్తులు సుమారు 18 గ్రాములు, పిండిపదార్థం 5 లోపే. ఇంట్లో నెయ్యిలో రెండు నిమిషాలు వేయించి, తెచ్చిన తోటకూరలో కలిపితే పూట గడుస్తుంది. ఎక్కువసేపు వేయిస్తే రబ్బరులా సాగుతుంది.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం తగ్గించే ముందే డాక్టరుతో మోతాదు మాట్లాడుకోవాలి, లేదంటే షుగర్ మరీ పడిపోవచ్చు. మధ్యాహ్నం ఆలస్యమైతే ఆకుకూరలు అయిపోతాయి, వేపుళ్లే మిగులుతాయి.