జాగ్రత్త! ఇల్లు అమ్మబోయి దానకర్ణుణ్ణి అయ్యాను

నెల్లూరు జిల్లాలో రోడ్డు వెడల్పు పేరుతో గోడల మీద ఎర్ర రంగు గీతలు పడినవాళ్ళందరూ ఇది చదవండి. ఏ మున్సిపాలిటీయో, ఏ అధికారో రాయను. మా వీధివాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళకు పేరుతో పని లేదు. కోపం ఇంకా చల్లారలేదు, రాతలో ముందువెనకలు ఉంటే సర్దుకోండి.

మాది 12 అంకణాల మిద్దె. మన లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు కదా, మొత్తం 864. తొమ్మిది అంకణాలు రోడ్డుకు పోతాయి, మిగిలిన మూడింటితో మీరు మాత్రం ఏం చేసుకుంటారు, మొత్తం మేమే కొంటాం అన్నారు మున్సిపాలిటీవాళ్ళు. అంకణం లక్షన్నర చొప్పున 18 లక్షలు. ఆ అంకె కూడా నోటితో చెప్పలేదు. చిన్న చీటీ మీద పెన్సిల్‌తో రాసి, బల్ల మీద నా వైపు తిప్పి చూపించి, మళ్ళీ మడిచి తన చొక్కా జేబులోనే వేసుకున్నాడు ఆ అధికారి. అంత పెద్ద ఆఫీసులో పెన్ను దొరకలేదా అని కూడా నాకు తోచలేదు.

రిజిస్ట్రేషన్ రోజు కాగితాలు చేతికిచ్చారు. మొదటి పేజీ పైన ‘దాన దస్తావేజు’ అని ఉంది. లోపల ‘రోడ్డు విస్తరణ నిమిత్తం, ఎలాంటి ప్రతిఫలం లేకుండా, ఇష్టపూర్వకంగా’ అని ఉంది. ఆ వరుస మీద వేలు పెట్టి చూపించాను.

“అది మామూలు నమూనా మాస్టారూ. మున్సిపాలిటీకి రాసిచ్చే కాగితం ఇలాగే ఉంటుంది. మీ డబ్బు ఫైలు వేరే నడుస్తోంది” అన్నాడు ఆ అధికారి.

ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు ప్రశ్న రెండుసార్లు చదివి జవాబు రాయండిరా అని చెప్పినవాణ్ణి. నేనూ రెండుసార్లు చదివాను. అర్థమైంది కూడా. వెనక వరుసలో జనం ఉన్నారు, దస్తావేజు లేఖరి గడియారం చూసుకుంటున్నాడు, ఇంత చదువుకున్నవాడు అనుమానిస్తే ఏం బాగుంటుందనే మొహమాటం ఒకటి. వేలిముద్ర వేశాను. బయటికి రాగానే శాలువా కప్పి ఫోటో తీశారు. అమ్మేవాడికి శాలువా ఎందుకు కప్పుతారు? అదీ అడగలేదు.

మూడో రోజున జేసీబీ వచ్చింది. దాని గురించి రాయలేను.

రెండు నెలలు ఎదురుచూసి, పోయిన గురువారం వెళ్ళి డబ్బు ఎప్పుడు పడుతుందని అడిగాను. ఆ అధికారి టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టనైనా లేదు.

“డబ్బా? మీరు దానం చేశారు కదా మాస్టారూ!” అన్నాడు. పక్క బల్లల వైపు తిరిగి, “మన ఊరి దానకర్ణుడు వచ్చాడు, కుర్చీ వేయండి” అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ళలో ఒకడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడు. వాడూ నవ్వాడు. కుర్చీ మాత్రం ఎవరూ వేయలేదు.

కావాలంటే టీడీఆర్ బాండుకు, అంటే పోయిన స్థలానికి బదులుగా ఇచ్చే నిర్మాణ హక్కుల కాగితానికి, అర్జీ పెట్టుకోమన్నారు. ఆ బాండు కొనవలసింది అదనపు అంతస్తులు వేసుకునే బిల్డరు. మా ఊళ్ళో మూడంతస్తుల ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

వకీలు దగ్గరికి ఇప్పుడు పోయాను, అన్నీ అయ్యాక. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షన్ ప్రకారం దానమంటేనే ప్రతిఫలం లేనిది, దాన్ని వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు అన్నాడు. అదే 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుని ఉంటే స్థలానికీ కట్టడానికీ విలువ కట్టి, అంతకు అంత సొలేషియం, అంటే ఊరట సొమ్ము, కలపాలి. స్థలం విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం. 38వ సెక్షన్ ప్రకారం పరిహారం చెల్లించాకే స్వాధీనం. నోటీసు లేదు, పరిహారం ఖరారు చేసే అవార్డు ఉత్తర్వు లేదు. ఇష్టపూర్వకంగా ఇచ్చేవాడికి అవన్నీ ఎందుకు?

మీరు చేయవలసింది: పైన ‘క్రయ దస్తావేజు’ అని లేకపోతే లేచి వచ్చేయండి. ధర రాసి ఉన్న కౌన్సిల్ తీర్మానం నకలు అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబు చెప్పాలి. డబ్బు ఖాతాలో పడకుండా తాళంచెవి ఇవ్వవద్దు.

సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇస్తున్నాను. మా వరుసలో ఇలాగే ‘దానం’ చేసినవాళ్ళు ఉంటే నకళ్ళు తీసుకుని రండి. ఈ ఉదయం వార్డు సచివాలయం నుంచి ఆ ఇంటికి పన్ను కట్టమని నోటీసు వచ్చింది, నా పేరుతోనే. దాన్ని కూడా అర్జీకి జతచేస్తున్నాను.