అసెంబ్లీలో అడిగితే మేలా, జెడ్పీలో నిలదీస్తే మేలా?

మా వైపు ఎమ్మెల్యే ఊళ్లోకి వచ్చాడంటే అర్జీతో పాటు ఒక మాట కూడా చెవిన వేస్తారు: "దీన్ని అసెంబ్లీలో అడగండి బాబూ." బోరు పాడైనా అదే మాట, వంతెన సగంలో ఆగినా అదే, పీహెచ్‌సీకి డాక్టరు రాకపోయినా అదే. అసెంబ్లీ అన్నిటికన్నా పెద్దది గనుక అక్కడ అడిగితేనే పని అవుతుందని జనం నమ్మకం. ఆ ప్రశ్నలకు జవాబులు తయారయ్యే చోట, ఒక ఇంజనీరింగ్ శాఖ డివిజన్ ఆఫీసులో, నేను చాలా ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. బల్లకు అవతలి వైపు నుంచి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. డబ్బు ఏమైందో తేలాలంటే అసెంబ్లీ మేలు. ఆగిన పని కదలాలంటే జిల్లా పరిషత్ మేలు. అడిగే తీరు తెలియకపోతే మాత్రం రెండూ దండగే.

అసెంబ్లీ ప్రశ్నను ఆఫీసుల్లో ఎల్ఏక్యూ అంటారు. సభలు మొదలయ్యాయంటే చాలు, సెక్షన్ అంతా టెన్షన్. ప్రశ్న శాసనసభ సచివాలయం నుంచి శాఖ కార్యదర్శికి, ఆయన నుంచి చీఫ్ ఇంజనీరుకి, ఎస్ఈకి (సూపరింటెండింగ్ ఇంజనీరు), ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) దిగుతూ వచ్చి చివరికి మండలంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గర ఆగుతుంది. ఇన్ని మెట్లు దిగేసరికి జవాబు రాయడానికి మిగిలేది ఒక పూట. సాయంత్రం బ్యాగు సర్దుకునే వేళకు ఫోను: "ఎల్ఏక్యూ అండీ, రాత్రికే మెయిల్ పెట్టాలట." ఏఈ సైటు మీద ఉంటాడు. కొలతలు రాసే ఎం బుక్కు మరొకరి బీరువాలో ఉంటుంది, తాళం ఆయన జేబులో ఉంటుంది. అయినా రాత్రికి జవాబు వెళ్లిపోతుంది, కింద ఈఈ సంతకంతో. ఎవరూ ముట్టుకోని ఫైళ్లకు దుమ్ము దులిపేది ఎల్ఏక్యూ ఒక్కటే. సభను తప్పుదారి పట్టించారంటే అది సభాహక్కుల ఉల్లంఘన కిందికి వస్తుంది. కాబట్టి ఆ రోజు రాసే అంకెను ఒకటికి రెండుసార్లు సరిచూసుకునే పంపుతారు.

ప్రశ్న వదులుగా ఉంటే ఈ హడావుడి అంతా వృథా. మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇలా ఉండేది: "(అ) ఫలానా మండలంలో మంచినీటి పథకం పనులు నిలిచిపోయిన మాట వాస్తవమేనా? (ఆ) అయితే, పూర్తి చేయడానికి తీసుకుంటున్న చర్యలేమిటి?" దీనికి జవాబు రెండు నిమిషాల పని. "(అ) లేదండి, పనులు పురోగతిలో ఉన్నాయి. (ఆ) ప్రశ్న ఉదయించదు." అందులో అబద్ధం లేదు, విషయమూ లేదు. గొయ్యి తవ్వి పైపులు గట్టున పడేసినా కాగితం మీద అది పురోగతే.

అదే ఎమ్మెల్యే ఇలా అడిగితే? పథకానికి పరిపాలనా అనుమతి ఏ తేదీన, ఎంత మొత్తానికి ఇచ్చారు? కాంట్రాక్టరుతో ఒప్పందం ఎంతకు, గడువు ఎప్పటికి, ఎన్నిసార్లు పొడిగించారు? నేటికి చెల్లించింది ఎంత, చెల్లించాల్సిన బిల్లులు ఎంత? పథకం కింద ఉన్న ఊళ్లు ఎన్ని, వాటిలో గత నెల రోజూ నీళ్లు అందిన ఊళ్లు ఏవి, పేర్లతో సహా? వీటిలో దేనికీ "ఉదయించదు" అని రాయడానికి వీలుండదు.

ఎమ్మెల్యేలు ఎక్కువగా బోల్తా పడేది డబ్బు దగ్గరే. "ఎంత ఖర్చు పెట్టారు?" అని అడిగితే ఆఫీసు తనకు అనుకూలమైన అంకె ఇస్తుంది. ఒక పథకం పది కోట్లకు మంజూరైంది అనుకుందాం. ఒప్పందం ఎనిమిదికి కుదిరింది, పని అయిదు కోట్ల మేరకు జరిగింది, కాంట్రాక్టరు ఖాతాలో పడింది మూడే. మిగతా బిల్లు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో అప్‌లోడ్ అయి నెలల తరబడి కదలడం లేదు. మీటింగులో మంత్రి పది కోట్లు అంటాడు, పేపరు కూడా పదే వేస్తుంది, కాంట్రాక్టరు మూడు చూసుకుని మిషన్లు తీసుకుపోతాడు. ఊరివాళ్లు ఏఈని తిడతారు. "ఏటి బాబూ, ట్యాంకు కట్టీసినారు గానీ చుక్క నీరు రానేదు" అన్న మాట వెనక చాలాసార్లు ఉండేది ఈ ఏడు కోట్ల తేడాయే. మంజూరు, ఒప్పందం, జరిగిన పని, చెల్లింపు అని నాలుగు గళ్లు గీసి అడిగే ఎమ్మెల్యేను నేను తక్కువగా చూశాను. అలాంటి ప్రశ్న వచ్చిన రోజు మాత్రం ఆఫీసులో లైట్లు అర్ధరాత్రి దాకా వెలిగేవి.

అసెంబ్లీలోనే మళ్లీ రెండు దారులున్నాయి. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు సభ ముందు పెడతారు, చర్చ ఉండదు. అందరికీ మోజు నక్షత్రం మీదే. టీవీలో వస్తుంది, క్లిప్పు నియోజకవర్గం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. కానీ ప్రశ్నోత్తరాల టైములో మంత్రి లేచేది కొన్నింటికే, మిగతావి రాతలోనే మిగిలిపోతాయి. లేచినదానికి కూడా "సభ్యుల ఆవేదన అర్థం చేసుకున్నాం, పరిశీలిస్తాం" అన్న జవాబు వస్తే అనుబంధ ప్రశ్న అక్కడికి సరి. ఆ "పరిశీలిస్తాం"ను వెంటాడడానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంది గానీ ఊళ్లో ఎవరికీ దాని పేరు కూడా తెలియదు. లెక్కల సంగతి అయితే నా ఓటు నక్షత్రం లేని ప్రశ్నకే. దాని జవాబులో అనుబంధాలు, పట్టికలు ఉంటాయి, ఊరి పేర్లు ఉంటాయి. రెండేళ్ల తర్వాత కూడా తీసి "అప్పుడు ఇలా రాశారు కదా" అని బల్ల మీద పెట్టొచ్చు. క్లిప్పుతో ఆ పని కాదు.

ఇక జెడ్పీ. మూడు నెలలకోసారి సర్వసభ్య సమావేశం. జెడ్పీటీసీలతో పాటు ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా అందులో సభ్యులే. కలెక్టరు వస్తారు, జిల్లా అధికారులంతా వరసగా కూర్చుంటారు. అక్కడ జవాబు చెప్పేవాడికీ అడిగేవాడికీ మధ్య అయిదు మెట్లు లేవు. జెడ్పీటీసీ మైకు పట్టుకుని ఫలానా ఊళ్లో నీళ్లు రావడం లేదంటాడు. ఎస్ఈ వెనక్కి తిరుగుతాడు. వెనక వరసలో ఉన్న ఈఈ ఒక చీటీ అందిస్తాడు. "మోటారు కాలిపోయిందండీ, రివైండింగ్‌కి ఇచ్చాం." ఎన్నాళ్లయింది? "నెల అయిందండీ." అప్పుడు ఎమ్మెల్యే, "శుక్రవారం సాయంత్రానికి బిగించి నాకు ఫోను చెయ్యండి" అంటాడు. శుక్రవారానికి మోటారు బిగుస్తుంది. ఇదే సంగతి అసెంబ్లీలో అడిగితే జవాబు తయారయ్యేసరికి మోటారు మళ్లీ కాలిపోయి ఉంటుంది.

జెడ్పీ లోపాలూ తక్కువేం కావు. ముఖ్యమైన అధికారి తాను రాకుండా కింది వాడిని పంపిస్తాడు. అతను "పై అధికారి దృష్టికి తీసుకెళ్తానండీ" అని నోట్‌బుక్కులో రాసుకుంటాడు. నోటితో చెప్పిన అంకెకు సంతకం ఉండదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు: డబ్బు జెడ్పీ చేతిలో ఉండదు. శాఖల నిధులు పైనుంచే వస్తాయి, పైనే ఆగుతాయి. బిల్లు ఎందుకు ఆగిందని ఎస్ఈని నిలదీస్తే ఆయన చేతులెత్తేయడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. దీనికి తోడు రాజకీయం. 2021లో శ్రీకాకుళం, విజయనగరం జెడ్పీలు రెండూ వైఎస్సార్‌సీపీ గెలిచింది. 2024లో రెండు జిల్లాల 15 అసెంబ్లీ స్థానాలూ కూటమికే వెళ్లాయి. ఇక సమావేశంలో కుళాయి మీద మొదలైన మాట ఏ ప్రభుత్వంలో ఎవరు ఏం చేశారన్నదాని మీదికి పోవడానికి ఎంతసేపు పడుతుంది? గోల అంతా మర్నాడు పేపర్లో వస్తుంది, కుళాయి రాదు. అందుకే సర్వసభ్య సమావేశం కన్నా ఏడు స్థాయీ సంఘాల మీటింగులు నయమంటాను. అక్కడ కెమెరాలు ఉండవు, పదిమంది కూర్చుని పని మాట్లాడుకుంటారు.

మా జిల్లాల్లో ఇంకో విచిత్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినా జెడ్పీలను పాత జిల్లాల లెక్కనే ఉంచారు. రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది, రాజాం జెడ్పీటీసీ కూర్చునేది మాత్రం శ్రీకాకుళం జెడ్పీలో. అక్కడ ప్రశ్న అడిగి, చర్య కోసం విజయనగరం కలెక్టరేట్ మెట్లెక్కాలి. అలాంటి చోట ఎమ్మెల్యేకి ఇన్‌ఛార్జి మంత్రి పెట్టే డీఆర్సీ (జిల్లా సమీక్షా కమిటీ) మీటింగే దగ్గర దారి. మంత్రి, కలెక్టరు, ఎమ్మెల్యేలు ఒకే గదిలో ఉంటారు కాబట్టి ఆగిన బిల్లు సంగతి అక్కడ ఎత్తినా అర్థం ఉంటుంది. అయితే ఆ మీటింగ్ ఎప్పుడు పెట్టాలన్నది మంత్రి గారి వీలును బట్టి.

అధికార పక్షం ఎమ్మెల్యే తన ప్రభుత్వాన్నే గట్టిగా అడుగుతాడా అని సందేహం రావడం సహజం. అడగొచ్చు. రాత ప్రశ్నలో దూషణ ఉండదు, తేదీలూ అంకెలే కాబట్టి మంత్రికి కూడా ముల్లులా గుచ్చుకోదు. అసలు అడగలేనివాళ్లు మంత్రులైన ఎమ్మెల్యేలు. టెక్కలి, గజపతినగరం ఎమ్మెల్యేలు మంత్రులు, వాళ్లు జవాబు చెప్పే వరసలో ఉంటారు. శ్రీకాకుళం ఎంపీ కేంద్ర మంత్రి అయ్యాక లోక్‌సభలో ఆ జిల్లా పేరుతో ప్రశ్న వేయాలంటే ఇంకొకరిని చూసుకోవాల్సిందే. ఎచ్చెర్ల వాళ్లకు ఆ ఇబ్బంది లేదు, వాళ్ల ఎంపీ విజయనగరం ఎంపీయే.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు అసెంబ్లీని నమ్ముకోవడం తెలివితక్కువ. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయారు. అసెంబ్లీ సమావేశాలు మొదలైంది నవంబరు 11న. చనిపోయినవాళ్లు ఎందరన్నదాని మీద కూడా ప్రభుత్వానికీ ప్రతిపక్షానికీ లెక్క కుదరలేదు. ప్రభుత్వం ఒక ఐఏఎస్ అధికారిని విచారణకు వేసింది. అలాంటి వారంలో ఎమ్మెల్యే చేయాల్సింది ప్రశ్న రాయడం కాదు, కలెక్టరును పట్టుకుని ట్యాంకు ఎప్పుడు కడిగారు, క్లోరిన్ ఎప్పుడు కలిపారు, నీళ్ల శాంపిల్ ఏ ల్యాబుకు వెళ్లిందని అప్పటికప్పుడు అడగడం. ఆ తర్వాత సభలో అడగాల్సిన ప్రశ్న వేరు: అంతకు ముందు మూడేళ్లలో ఆ పథకం నిర్వహణకు ఏటా ఎంత ఇచ్చారు?

ఎమ్మెల్యేతో పని లేకుండా మామూలు మనిషి వాడుకునేది సమాచార హక్కు. మన రాష్ట్రంలో పంచాయతీ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆ పైన పది. జవాబుకు 30 రోజులు. అంచనా ప్రతి, ఎం బుక్కు పేజీల నకలు అడగండి, ఆఫీసు అన్నిటికన్నా జంకేది వాటికే. "సమాచారం విస్తారంగా ఉంది, వచ్చి చూసుకోగలరు" అని రాస్తే నిజంగానే వెళ్లి కూర్చోవాలి. 2005 చట్టంలో, వ్యక్తిగత సమాచారం మినహాయింపు దగ్గర, పార్లమెంటుకో శాసనసభకో ఇవ్వక తప్పని సమాచారాన్ని మామూలు మనిషికి కూడా కాదనకూడదని ఒక వాక్యం ఉండేది. 2023 నాటి డిజిటల్ డేటా చట్టం దాన్ని తీసేసింది. ఇకమీదట వ్యక్తిగతం అన్న పేరుతో మీకు ఆపిన లబ్ధిదారుల జాబితా సంగతి ఎమ్మెల్యే ప్రశ్న ద్వారా రాబట్టుకోవాల్సి రావచ్చు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్ ఒక ఇంటి సమస్యకు, ఒక పింఛనుకు పనికొస్తుంది. నిధుల లెక్కకు అది చోటు కాదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం ఎమ్మెల్యేలు నన్ను అడిగితే ప్రశ్నలను ఇలా పంచుకోమంటాను. హిరమండలం రిజర్వాయరు నుంచి నీళ్లు తెచ్చే, సుమారు 700 కోట్ల పథకాన్నీ పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రినీ 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. కవిటిలో ఏ వీధికి నీళ్లు ఎక్కడం లేదు, ఏ వాల్వు దగ్గర పైపు లీకవుతోంది అన్నవి జెడ్పీలో, స్థాయీ సంఘంలో, ఆ ఊరి వార్డు మెంబరును పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. పథకం నిర్వహణకు ఈ ఏడాది బడ్జెట్‌లో పెట్టింది ఎంత, విడుదల చేసింది ఎంత, కరెంటు బిల్లు బకాయి ఎంత, ఆసుపత్రిలో నెఫ్రాలజిస్టు, డయాలసిస్ టెక్నీషియన్ పోస్టులు మంజూరైనవి ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని అన్నవి నక్షత్రం లేని ప్రశ్నగా శాసనసభకు పంపాలి. ఇచ్ఛాపురం ఎమ్మెల్యే నీళ్ల సంగతి, పలాస ఎమ్మెల్యే ఆసుపత్రి సంగతి పంచుకుంటే ఒకే సమావేశాల్లో రెండు జవాబులూ చేతికొస్తాయి.