అర్థరాత్రికీ అర్ధరాత్రికీ మధ్య: 27 అంగుళాల 4కె మానిటర్‌తో నాలుగేళ్లు

2021 వేసవిలో నేను ప్రూఫులు దిద్దిన కథల పుస్తకం ఒకటి అచ్చయి వచ్చింది. అందులో పదకొండు చోట్ల "అర్థరాత్రి" అని పడింది. అర్ధరాత్రి అని ఉండాలి. రచయిత పెద్దాయన. "పోన్లెండి, నా కథల్లో రాత్రులకైనా అర్థం ఉందన్నమాట" అని నవ్వి ఫోన్ పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

ఇరవై ఏళ్లు దాటింది నేను ఈ పనిలోకి వచ్చి. డీటీపీ, పేజీలు కట్టడం, ప్రూఫులు చూడటం. థకీ ధకీ తేడా తెలియక జరిగిన తప్పయితే కాదు. ఆ రాత్రి పాత మానిటర్ మీద అదే ఫైలు తెరిచి, 100 శాతంలో పెట్టి, ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా వెళ్లి చూశాను. థ పొట్టలో చుక్క ఉండాల్సిన చోట బూడిదరంగు మసక ఒకటి కనిపించింది. కింది వరుసలో ఉన్న అసలు ధ పొట్టలో కూడా ఇంచుమించు అదే మసక. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి.

అది 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్. అంగుళానికి 102 పిక్సెళ్లు, అంటే తెర మీద బొమ్మని కట్టే సన్నటి గడులు. విండోస్‌లో 12 పాయింట్ల అక్షరానికి మొత్తం 16 పిక్సెళ్ల ఎత్తు దక్కుతుంది. ఆ పదహారులోనే పైన గుడి, మధ్యలో అక్షరం, కింద వత్తు అన్నీ సర్దుకోవాలి. ఇంగ్లిష్ అక్షరానికి ఈ బాధ లేదు. మనకి "రాష్ట్రం" అని రాస్తే ష కింద ట, ర వత్తులు చేరాలి. "కంఠం"లో ఠ పొట్టలో చుక్క మాయమైతే అది ర అయిపోతుంది. ఆ చుక్కకి తెర మీద మిగిలేది ఒక్క పిక్సెల్, అదీ పూర్తిగా నల్లగా ఉండదు. మానిటర్ల గురించి చెప్పేవాళ్లంతా ఆటల గురించో సినిమాల గురించో చెబుతారు, అక్షరాల మాట వస్తే ఇంగ్లిష్ పేజీ ఒకటి చూపించి "క్లియర్‌గా ఉంది" అంటారు. రోజంతా తెలుగు చదివేవాడి కష్టం వాళ్లకి తగలదు.

జూమ్ చేసుకోవచ్చు కదా అంటారా? చేసుకోవచ్చు. 200 శాతంలో పెడితే చుక్కలన్నీ కనబడతాయి, పేజీ మాత్రం సగమే కనబడుతుంది. రెండొందల పేజీల పుస్తకాన్ని అలా పైకీ కిందికీ, పక్కకీ జరుపుకుంటూ చదివితే అక్షరదోషం దొరుకుతుంది కానీ వాక్యదోషం జారిపోతుంది. నాకు పేజీ పేజీలాగే కనబడాలి.

ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లాను. అదే, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. జేబులో పెన్‌డ్రైవ్, అందులో ఆ కథల పుస్తకం పీడీఎఫ్. షాపుల్లో ప్రతి మానిటర్ మీదా చేపలో, జలపాతాలో తిరుగుతుంటాయి. వాటిని చూసి కొంటే చేపలు చూసుకోవడానికే పనికొస్తుంది. నా పేజీ పెట్టి చూపించమంటే మొదటి షాపులో కుర్రాడు విసుక్కున్నాడు. రెండో షాపతను ఓపికగా నాలుగు మానిటర్ల మీద పెట్టాడు.

27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ముందే తేలిపోయింది. తెర పెద్దదైంది, పిక్సెళ్లు అవే, అంగుళానికి 82కి పడిపోయాయి. అక్షరాలు జల్లెడలోంచి చూసినట్టున్నాయి. ధర తక్కువ, సైజు పెద్దదని చాలామంది కొనేది ఇదే. తెలుగు చదివేవాళ్లకి మాత్రం నేను చెప్పను. అదే సైజులో 2కె అనేది (ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ మధ్యది) 109 ఇస్తుంది, నా పాతదానికన్నా ఓ మెట్టు మేలు, అంతే. 34 అంగుళాల అల్ట్రావైడ్ చూడ్డానికి రాజదర్బారులా ఉంది, లెక్క చూస్తే దాదాపు అదే 110. పైగా అప్పట్లో 32 అంగుళాలు దాటితే జీఎస్టీ 18కి బదులు 28 శాతం ఉండేది (2025 సెప్టెంబరు 22 నుంచి అవీ 18కే వచ్చాయి). చివరగా 27 అంగుళాల 4కె, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల పిక్సెళ్లు. అంగుళానికి 163. పేజీ తెరవగానే మొదటి పేరాలోనే "అర్థరాత్రి" కనబడింది. పొట్టలో చుక్క, నల్లగా, నిక్షేపంగా. సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. 28,500 పెట్టి తెచ్చుకున్నాను. ఆ మోడల్ ఇప్పుడు మార్కెట్లో లేదు కాబట్టి పేరు చెప్పి లాభం లేదు. ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం), 60 హెర్ట్జ్ (సెకనుకి 60 బొమ్మలు), కంప్యూటర్ కేబుల్ తగిలించడానికి రెండు హెచ్‌డీఎంఐలు, ఒక డిస్‌ప్లే పోర్ట్.

ఇంటికొచ్చి తగిలించాక మొదటి రోజే టెన్షన్ మొదలైంది. మౌస్ కదిపితే బాణం ఈడ్చుకుంటూ వస్తోంది, బురదలో నడిచినట్టు. మానిటర్ పాడైందనుకుని షాపుకి ఫోన్ చేశాను. "సార్, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఎన్ని హెర్ట్జ్ ఉందో చూడండి" అన్నాడు. 30 ఉంది. పెంచుదామంటే వేరే అంకె లేదు. తప్పు నా పాత లాప్‌టాప్‌లో ఉంది. దాని హెచ్‌డీఎంఐ 1.4 రకం, 4కెకి సెకనుకి 30 బొమ్మలకి మించి పంపలేదు. 2.0 అయితేనే 60. ఎంత ఖరీదైన కేబుల్ వేసినా పోర్టు మారదు కదా. అదృష్టం కొద్దీ అదే లాప్‌టాప్‌కి ఉన్న టైప్-సి పోర్టు వీడియో కూడా పంపే రకం. టైప్-సి ఉన్నంత మాత్రాన వీడియో వస్తుందని లేదు, కొన్నిటిలో చార్జింగ్, డేటా మాత్రమే. టైప్-సి నుంచి డిస్‌ప్లే పోర్ట్‌కి వెళ్లే కేబుల్ తెచ్చి పెట్టాక 60 వచ్చింది. 4కె కొనేముందు మీ లాప్‌టాప్ ఏం పంపగలదో చూసుకోండి. నేను చూసుకోలేదు.

రెండో తలనొప్పి పాత సాఫ్ట్‌వేర్. 4కె తెర మీద అన్నీ 150 శాతం పెద్దవి చేసి వాడాలి, లేకపోతే మెనూలు చీమల్లా ఉంటాయి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్, బ్రౌజర్ ఇవన్నీ చెప్పినట్టు వింటాయి. మన ప్రెస్సుల్లో ఇంకా అదే పని చేసే పాత పేజ్‌మేకర్, అను అనే పాతకాలపు తెలుగు ఫాంట్లతో నడిచేవాళ్లు తక్కువేం లేరు. ఆ ఫైళ్లు నాకూ వస్తాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో, దానికి ఈ లెక్కలేం తెలియవు. మెనూలు చిన్నవిగా ఉంటాయి, లేదంటే సాగదీసి మసగ్గా చూపిస్తుంది. నాలుగొందల పేజీల నిఘంటువు ఒకటి అలా చేసి కళ్లు కాయలు కాశాయి.

దీనికి నేను కనుక్కున్న ఉపాయం పాత మానిటర్‌ని పారేయకపోవడం. పేజ్‌మేకర్ కిటికీని దాని మీదికి తోసేస్తాను. అక్కడ 100 శాతమే కాబట్టి అది తన కాలంలో తాను హాయిగా ఉంటుంది. చివరి ప్రూఫ్ మాత్రం పీడీఎఫ్ చేసి 4కె మీదే. రెండు తెరల పిక్సెళ్లు వేరువేరు కావడంతో ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు మౌస్ మూలల్లో గోడకి కొట్టుకున్నట్టు ఆగుతుంది, కిటికీలు గబుక్కున పెద్దవో చిన్నవో అయిపోతాయి. నాలుగేళ్లలో అలవాటైంది, నచ్చిందని మాత్రం చెప్పను.

ఆ పాతదాన్ని ఏడాది తర్వాత నిలువుగా తిప్పాను. ఎడమవైపు నిలువు తెరలో రచయిత రాతప్రతి స్కాన్, ఎదురుగా నా పేజీలు. ఎ4 కాగితం అసలు సైజులో నిలువు తెరలో పూర్తిగా పట్టి, కింద ఇంకా జానెడు చోటు మిగులుతుంది. పెద్ద తెర మీద డెమ్మీ సైజు పేజీలు రెండు ఎదురెదురుగా, అచ్చులో వచ్చే కొలతలోనే పెడితే వెడల్పు 28 సెంటీమీటర్లు. తెర 60 ఉంటుంది. మిగతా చోట్లో నిఘంటువు తెరిచి పెట్టుకుంటాను. ఈ సౌకర్యం వచ్చాక కాగితం ఖర్చు సగానికి తగ్గింది. ఇదివరకు పుస్తకానికి రెండుసార్లు ప్రింట్ తీసేవాణ్ని, ఇప్పుడు ఒక్కసారే.

నిలువు తెరకి ఒక చిక్కుంది. నా పాతది చవక టీఎన్ ప్యానెల్. అడ్డంగా ఉన్నప్పుడు తెలియలేదు కానీ నిలబెట్టాక ఎడమ కంటికి ఒక రంగు, కుడి కంటికి ఒక రంగు కనిపించి తల తిరిగేది. కూర్చునే చోటు కొంచెం మార్చుకుని సరిపెట్టుకున్నాను. నిలువుగా తిప్పే ఆలోచన ఉంటే ఐపీఎస్ తప్ప ఇంకోటి చూడకండి.

పదో నెలలో పెద్ద తెర మీద ఒక నల్లచుక్క వచ్చింది. కుడి పేజీ మధ్యలో. వానాకాలం, రాత్రి లైటుకి పురుగులొచ్చే రోజులు. మొదట పురుగే అనుకుని ఊదాను, తర్వాత తెర ఆపేసి పక్కన టేబుల్ లైటు పెట్టి కాచుకున్నాను. (సన్న పురుగులు నిజంగానే ప్యానెల్ లోపలికి దూరతాయి. వేలితో నొక్కితే అక్కడే చచ్చి శాశ్వతంగా ఉండిపోతాయి, నొక్కకండి.) కదల్లేదు. చచ్చిపోయిన పిక్సెల్. సర్వీస్ సెంటర్‌కి వెళితే, ఇన్ని చుక్కలు దాటితేనే వారంటీ, ఒక్కదానికి మార్చలేమన్నారు. ఆ సంగతి కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆరోవంతు మిల్లీమీటరు కూడా లేని చుక్క, నిజానికి. ఎవరికైనా అది పట్టించుకోనవసరం లేని విషయం. నా ఖర్మ, పేజీ జరుపుతున్నప్పుడు ఏ ధ అయినా సరిగ్గా అక్కడికి వచ్చి ఆగిందంటే థ అయిపోతుంది. చుక్క కనబడ్డం కోసం ఇరవై ఎనిమిది వేలు పెడితే, కంపెనీవాడు ఒకటి అదనంగా ఇచ్చాడు. అనుమానం వచ్చినప్పుడు పేజీని ఒక వెంట్రుకవాసి పైకి జరిపి చూస్తాను.

మెడ సంగతి చెప్పాలి. నాది ప్రోగ్రెసివ్ కళ్లజోడు. దగ్గరివి చదివే భాగం అద్దం కింది అంచున ఉంటుంది. తెర పైఅంచు కంటి ఎత్తులో ఉండాలని అందరూ చెప్పే మాట పట్టుకుని ఎత్తుగా పెడితే, ఆ కింది భాగంలోంచి చూడ్డానికి గడ్డం పైకెత్తాల్సి వచ్చేది. మూడు నెలలకి మెడ పట్టేసింది. తెరని బెత్తెడు కిందికి దించి, కొంచెం వెనక్కి వాల్చాక తగ్గింది. తర్వాత కంటి డాక్టర్ సలహా మీద కంప్యూటర్ దూరానికే ఒకే పవర్‌తో ఇంకో జోడు చేయించుకున్నాను. మానిటర్ స్టాండు పైకీ కిందికీ జరగని రకం కావడంతో, మానిటర్ ఆర్మ్ (టేబుల్ అంచుకి బిగించి తెరని మోసే చెయ్యి) ఒకటి కొన్నాను. వెనక నాలుగు స్క్రూ రంధ్రాలు వంద మిల్లీమీటర్ల దూరంలో ఉంటే దాదాపు ఏ ఆర్మ్ అయినా పడుతుంది. మా టేబుల్ చెక్కపొట్టు బోర్డుది. క్లాంప్ బిగిస్తే అంచు అప్పడంలా విరిగింది. ఇనుపరేకు ముక్కలు రెండు కింద, పైన వేసి బిగించాను.

వెలుగు విషయంలో ఒక చిన్న పద్ధతి. కొత్త మానిటర్ వెలుగు వందకి 80, 90లో వస్తుంది, రాత్రి అది ట్యూబ్‌లైటు ముందు కూర్చున్నట్టే. తెర పక్కన తెల్లకాగితం పట్టుకుని, రెండూ ఒకే తెలుపులో కనిపించేదాకా తగ్గించండి. మా గదిలో అది 28 దగ్గర ఆగింది.

ఇక సరదా. సాయంత్రం ఆరు దాటితే ఈ తెర మా ఇంట్లో టీవీ. క్రికెట్‌కి బాగుంది. పాత నలుపు తెలుపు సినిమాలు మాత్రం లైటు తీసేసి చూస్తే బాధేస్తుంది. బొమ్మకి రెండు పక్కలా ఉండే నల్లపట్టీలు నల్లగా ఉండవు, మూలల్లో బూడిదరంగు వెలుగు పాకుతుంది. ఐపీఎస్ తీరే అంత, సాధారణంగా వెయ్యికి ఒకటి కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ వెలుగు తేడా). వీఏ అనే ఇంకో రకం ప్యానెళ్లు మూడు వేల దాకా ఇస్తాయి, సినిమాలే ముఖ్యమైతే అవి నయం. స్పీకర్లు లేవు, బయట పెట్టుకున్నాను. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా పెంచి చూపించే పద్ధతి) అని డబ్బా మీద రాసి ఉంది, ఆన్ చేస్తే రంగులు వెలిసిపోతాయి, ఆపేశాను. మావాడు 144 హెర్ట్జ్ కావాలంటాడు, ఆటల కోసం. వాడి లెక్క వాడిది. ఓఎల్ఈడీ (ప్రతి పిక్సెలూ తనంతట తానే వెలిగే తెర) ఎందుకు కొనవని అడిగితే చెప్పాను: తెల్లపేజీ, కింద కదలని టాస్క్‌బార్, రోజుకి పది గంటలు. కదలని బొమ్మ తెర మీద మచ్చగా ఉండిపోతుందన్న భయంతో పని చేయలేను. పైగా వాటిలో చాలావాటికి అక్షరాల అంచుల్లో రంగు తొంగిచూస్తుంది.

ఇవాళ మళ్లీ కొనాల్సి వస్తే ఇదే సైజు, ఇదే 4కె కొంటాను. ఎత్తు మారే స్టాండు ఉన్నదీ, ఒకే టైప్-సి కేబుల్‌తో లాప్‌టాప్ చార్జింగ్ కూడా అయ్యేదీ చూస్తాను. ఈమెయిళ్లు, ఎక్సెల్, యూట్యూబ్ తప్ప వేరే పని లేనివాళ్లకి ఇంత అవసరం లేదు, 24 అంగుళాల ఐపీఎస్ సరిపోతుంది.

ఎడమవైపు పాతది ఈ మధ్య ఉదయం పూట వెలగడానికి అయిదు నిమిషాలు తీసుకుంటోంది. దాని స్థానంలో 24 అంగుళాల ఐపీఎస్, తిరిగే స్టాండుతో తీసుకోవాలి. తొందర నాకన్నా మా అమ్మకి ఎక్కువ. నిలువు తెర మీద ఈ-పేపర్ పేజీ నిండుగా పడుతుందని, పొద్దున్నే నాకన్నా ముందు ఆ కుర్చీలో కూర్చునేది ఆవిడే.